పెద్ద హిట్టు లేని గ్రేటెస్ట్ హిట్స్: ఒక ఆర్కెస్ట్రా బృందం ఆల్బమ్, కేస్ స్టడీ

పాత క్యాసెట్లను డిజిటల్‌లోకి ఎక్కించడం, పాటలకు మాస్టరింగ్ చెయ్యడం, అంటే విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సరిచెయ్యడం, నా పని. నెల్లూరులో ఈ పనికి వచ్చేవి ఎక్కువగా భక్తి పాటలు, పెళ్లి వీడియోల ఆడియో, అప్పుడప్పుడు ఎవరి తాతగారి హరికథో. ఈ కేసు ఆ కోవలోది కాదు. ఒక బృందం తన పాత పాటల్లోంచి ఏరి గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్ వేసుకోవాలనుకుంది. అందులో సౌండ్ సమస్యలు సగమే. మిగతా సగమంతా ఏది హిట్టు, ఎవరి లెక్కలో హిట్టు, ఏ రూపంలో హిట్టు అన్న పేచీలే. ఇలాంటి పనులు చేసేవాళ్లు ఒంగోలులో, తిరుపతిలో ఇంకా ఉన్నారు కాబట్టి ఏ నిర్ణయం దగ్గర ఏం ఆలోచించానో రాసి పెడుతున్నాను. బృందం పేరు, ఊరు, మనుషుల పేర్లు, పాటల పల్లవులు తీసేశాను. ఒకటి రెండు వివరాలు మార్చాను. సాంకేతిక సంగతులు ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

బృందం నెల్లూరు జిల్లాలో ఒక చిన్న పట్టణానిది. 1980ల్లో కాలేజీ కుర్రాళ్లు కలిసి మొదలుపెట్టారు. మొదట అందరిలాగే సినిమా పాటల ఆర్కెస్ట్రా. బాలు ఊరు కావడంతో ఇక్కడ ఆయన గొంతుకు దగ్గరగా పాడే కుర్రాడు ప్రతి వీధిలోనూ ఒకడుండేవాడు. వీళ్లలోనూ ఒకాయన ఉన్నారు. వినాయక చవితి పందిళ్లు, రంగనాయకస్వామి బ్రహ్మోత్సవాలు, కావలి, గూడూరు, బుచ్చిరెడ్డిపాళెం పెళ్లి రిసెప్షన్లు. తర్వాత సొంత పాటలు కట్టడం మొదలుపెట్టారు. డప్పు మీద నడిచే పల్లె పాటలు, కీబోర్డు మీద కట్టిన పాప్ పాటలు, మధ్యమధ్య కామెడీ బిట్లు.

మొత్తం నాలుగు క్యాసెట్లు వచ్చాయి. 1989లోది, 1992లోది సొంత డబ్బుతో వేసుకున్నవి. 1996లోది ఒక చిన్న కంపెనీ వేసింది. మద్రాసు స్టూడియోలో రికార్డయిన క్యాసెట్ అదొక్కటే. 1998లోది ఇంకో కంపెనీది. రెండు కంపెనీలూ ఇప్పుడు లేవు. ఆ తర్వాత సీడీలొచ్చాయి, ఎంపీ3 వచ్చింది, బృందం మళ్లీ పెళ్లిళ్లకే పరిమితమైంది. ఇద్దరు పోయారు. మిగిలినవాళ్లలో ఒకరికి ఇప్పుడు రొయ్యల చెరువులు, ఒకరు రిటైరైన టీచరు, ఒకరు ఇంకా స్టేజీ మీద పాడుతున్నారు.

అడిగిన పని

నాయకుడు ఒక కాగితం పట్టుకొచ్చారు. అందులో 16 పాటలు, పాతది మొదలు కొత్తది దాకా ఏళ్ల వరసలో. చవితి నాటికి పెన్‌డ్రైవ్‌లు తయారు కావాలి, ఫోన్లలో కూడా పాటలు దొరకాలి. శబ్దం ‘ఇప్పటి పాటల్లాగా’ ఉండాలి. 1992 క్యాసెట్‌లోని పేరడీ పాట కచ్చితంగా ఉండి తీరాలి.

‘‘ఆ పాట లేకుంటే మమ్మల్ని ఎవురు గుర్తుపడతారు అబ్బయ్యా?’’ అన్నారు.

నిజమే. ఆ పేరడీ ఈ ప్రాంతంలో వినని మనిషి లేడు. చిక్కల్లా ఒకటే, దాని ట్యూను ఒక సినిమా పాటది. ఆ సంగతి తర్వాత చెప్తాను, ముందు మిగతా 15 పాటల గొడవ.

ఏది హిట్టు?

నాయకుడి జాబితా చూడగానే నాకొచ్చిన అనుమానం: ఇందులో ఎన్ని జనం మెచ్చినవి, ఎన్ని ఆయన మెచ్చినవి? పాట కట్టిన మనిషికి తాను కష్టపడ్డ పాట మీద మమకారం ఉంటుంది. చరణంలో రాగం మార్చిన పాట ఆయనకు గొప్పది. జనం ఆ పాట దగ్గరికి రాగానే క్యాసెట్ ముందుకు తిప్పి ఉండొచ్చు. అమ్మకాల లెక్కలు ఎక్కడా లేవు. ఉన్నా అవి క్యాసెట్ మొత్తానికి, పాటకు కావు.

సభ్యులు తలా ఒక జాబితా రాస్తే కలిపి చూద్దామని ముందు ప్రయత్నించాం. పనికిరాలేదు. ఎవరికి వాళ్లు తాము పాడిన పాటలు రాశారు. పోయిన ఇద్దరి పాటలు మొహమాటానికి అందరి జాబితాల్లోకీ ఎక్కాయి. ఫేస్‌బుక్‌లో అడుగుదామని నాయకుడి కొడుకు అన్నాడు. అడిగితే అందరూ పేరడీ పాటే రాశారు, అది తెలిసిందే. జనాన్ని జ్ఞాపకం అడిగితే ఒక పాటే చెబుతారు. వాళ్లు చేసిన పనికి గుర్తులు ఎక్కడైనా మిగిలాయా అని వెతకాలనిపించింది.

అవి రెండు చోట్ల దొరికాయి.

మొదటిది రికార్డింగ్ సెంటర్లు. ఆ రోజుల్లో ట్రంకు రోడ్డులోనూ, ప్రతి చిన్న పట్టణం బస్టాండు పక్కనా ఇవి ఉండేవి. కావలసిన పాటలు చీటీ మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు. సీ-60 అయితే సైడుకు అరగంట, సీ-90 అయితే ముప్పావు గంట. జనం డబ్బిచ్చి తమ గ్రేటెస్ట్ హిట్స్ తామే తయారు చేయించుకున్నారన్నమాట. షాపు మూసేసిన ఒకాయన ఇంట్లో ఆర్డర్ల నోటు పుస్తకాలు అటక మీద ఇంకా ఉన్నాయి. చెదలు తిన్నది పోగా మిగిలిన పేజీల్లో వీళ్ల పాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో టిక్కులు పెట్టుకుంటూ పోయాను. చిరంజీవి పాటల మధ్య, అయ్యప్ప భజనల మధ్య వీళ్ల పాట ఒకటి అర కనిపించేది. సినిమా పాటకు పెట్టాల్సిన చోటును వీళ్ల పాటకు ఇచ్చారంటే అది నాయకుడి కాగితం కంటే బలమైన సాక్ష్యం.

రెండోది అరిగిపోయిన క్యాసెట్లు. కందుకూరు, కలిగిరి వైపు పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే గదులు) కాల్చే రోజుల్లో మంట చూసుకుంటూ రాత్రంతా ఒకరు మేలుకొని ఉండాలి. ఆ రాత్రుళ్లకు తోడు టేప్ రికార్డరే. అటునుంచి మాకు దొరికిన క్యాసెట్ల మీద పొగ వాసన ఇప్పటికీ పోలేదు. డబ్బా పసుపు పచ్చగా మారింది, లోపల ఒత్తే ఫెల్టు ముక్క ఊడిపోయింది. రీలును వెలుతురుకు పెట్టి చేత్తో మెల్లగా తిప్పితే కొన్ని చోట్ల సన్నని అడ్డ మడతలు కనిపిస్తాయి. ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ప్లే నొక్కిన చోట్లవి. వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చిన క్యాసెట్లలో ఆ మడతలు ఒకే పాట మొదట్లో ఉన్నాయంటే దాన్ని యాదృచ్ఛికం అనలేం. అదే చోట పై స్థాయి శబ్దాలు, అంటే గజ్జెలు, తాళాలు, మిగతా పాటల కంటే మొద్దుబారి ఉన్నాయి. దీన్ని శాస్త్రం అనను. నోటు పుస్తకాలు చెప్పిన పాటల్నే ఇవీ చెప్పడంతో నాకు నమ్మకం కుదిరింది.

రెండూ కలిపి చూస్తే నాయకుడి జాబితాలో సగం నిలబడింది. ఆయన వదిలేసిన ఒక పాట, 1996 క్యాసెట్ బీ సైడు రెండోది, పొలం పనుల మీద కట్టిన డప్పు పాట, పేరడీ తర్వాతి స్థానంలో నిలిచింది. ‘‘అదా! సైడు నిండలేదని అప్పటికప్పుడు కట్టిన పాట అబ్బయ్యా అది’’ అన్నారాయన, కాస్త చిన్నబుచ్చుకుంటూ.

రీళ్ల సంగతి

మాస్టర్ల విషయంలో, అంటే కాపీలు తీసిన అసలు టేపుల విషయంలో, ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పాను. 1989, 1992 మాస్టర్లు లేవు. 1998ది చెన్నైలో ఎవరింట్లోనో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండి 2015 డిసెంబరు వరదల్లో పోయింది. 1996ది మాత్రం కీబోర్డు వాయించినాయన బీరువాలో పెద్ద చక్రానికి చుట్టిన టేపుగా, అంటే స్పూల్‌గా దొరికింది. పావు అంగుళం టేపు, సెకనుకు 38 సెంటీమీటర్ల వేగం.

ఆ స్పూల్‌ను మెషీను మీద పెట్టి తిప్పితే కీచుమంటూ హెడ్ (టేపును చదివే భాగం) మీద గోధుమరంగు జిగురు వదిలింది. ఈ లక్షణం తెలిసిందే. ఆ కాలపు కొన్ని టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే బైండరు గాలిలో తేమ పీల్చి జిగటగా మారుతుంది. అలాగే తిప్పితే పాట పొడిగా రాలిపోతుంది. దీనికి మందు తక్కువ వేడి మీద ఆరబెట్టడం. 50 నుంచి 55 డిగ్రీల మధ్య ఎనిమిది గంటలు, ఆపైన. వంటింటి ఓవెన్ పనికిరాదు, దాని వేడి ఒకచోట నిలవదు. మన జిల్లాలో రొయ్యల రైతుల కోసం ఆక్వా ల్యాబులు వీధికొకటి ఉన్నాయి. వాటిలో గాజు సామాను ఆరబెట్టే హాట్ ఎయిర్ ఓవెన్లు ఉంటాయి. తెలిసిన ల్యాబులో ఒక ఆదివారం ఓవెన్ ఖాళీ చేయించి, ప్లాస్టిక్ స్పూల్ మీది టేపును లోహపు స్పూల్‌కు మార్చి, థర్మామీటరు పక్కనే పెట్టి ఆరబెట్టాం. చల్లారాక కీచు లేకుండా తిరిగింది. ఈ వైద్యం శాశ్వతం కాదు, కొన్ని వారాల్లో టేపు మళ్లీ తేమ పడుతుంది. అందుకే చల్లారిన వెంటనే 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో మొత్తం ఎక్కించాను.

మిగతా మూడింటికి జనం క్యాసెట్లే గతి. ప్రతి పాటకూ దొరికిన కాపీలన్నీ విని మంచిది ఎంచుకున్నాం. ఊడిన ఫెల్టు బదులు వేరే క్యాసెట్ ఫెల్టు అతికించాం, వంకరపోయిన డబ్బాలు మార్చాం. ఈ పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఒక చిన్న స్క్రూ. ప్లేయర్ హెడ్ పక్కన ఉండే ఆ స్క్రూ హెడ్ వంపును సరిచేస్తుంది. ఎడమ, కుడి చానళ్లను మోనోలో కలిపి వింటూ స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతుంటే ఒకచోట గజ్జెల శబ్దం ఒక్కసారిగా తేటపడుతుంది. అక్కడ ఆపాలి. ప్రతి క్యాసెట్‌కూ, ఒక్కోసారి సైడు మారినా, మళ్లీ తిప్పాలి. ఇది చెయ్యకుండా ఎక్కించి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ట్రెబుల్ పెంచితే పెరిగేది హిస్సే, అంటే టేపు సుస్సుమనే శబ్దమే.

హిస్సు తీసేయమని బృందం పట్టుబట్టింది. 1989 పాటల్లో బాగా తీసి వినిపించాను. హిస్సుతో పాటు తాళాల మెరుపు కూడా పోయి నీళ్లలోంచి విన్నట్టయింది. వాళ్లే వద్దన్నారు. నాలుగైదు డెసిబెళ్లు తగ్గించి ఆగాం. ఏఐ సాఫ్ట్‌వేర్‌తో గొంతు, వాద్యాలు విడదీసి మళ్లీ కలపడం కూడా చూశాం. గొంతు తేటగా వచ్చింది గానీ డప్పు దెబ్బలో అడుగు శబ్దం రెండు ముక్కలుగా చీలి బలం పోయింది. డప్పు బలం పోయాక ఆ పాటలో ఏముంటుంది? వదిలేశాం.

ఆ 1989 పాటల్ని మళ్లీ పాడి రికార్డు చేద్దామని నాయకుడు అన్నారు. ఒకటి పాడి చూశారు. బాగా పాడారు, శ్రుతి తప్పలేదు. కానీ గొంతు అరవై దాటిన మనిషిది, పాట ఇరవై ఐదేళ్ల కుర్రాడిది. పాట పుట్టిన వయసు ఆ హిస్సుతో సహా ఉండటమే నయమని నేను వాదించాను. టీచరుగారు నా పక్షాన నిలిచారు కాబట్టి గట్టెక్కింది.

వేగం పేచీ

ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇదే.

1996 స్పూల్ ఎక్కించి, ఆ డప్పు పాటను పాత శ్రోతలు కొందరికి వినిపించాను. ఉదయగిరి రూట్లో ప్రైవేటు బస్సు నడిపినాయన ఒకరు, బ్యారన్ పని చేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు. శబ్దం బ్రహ్మాండం అంటారని అనుకున్నాను. డ్రైవరుగారు మొహం చిట్లించారు. ‘‘ఏందన్నా ఇది, నీరసంగా పాడతా ఉండాడు? ఎవురో వేరేవోళ్లు పాడినట్టుండాది.’’

క్యాసెట్ పెట్టి పోల్చాను. క్యాసెట్ స్పూల్ కంటే మూడు శాతం వేగంగా నడుస్తోంది. స్పూల్ మీద నిమిషానికి 112 దెబ్బలు పడితే క్యాసెట్ మీద 115 పైచిలుకు. శ్రుతి కూడా దాదాపు అర మెట్టులో సగం పెరిగింది. అయితే తప్పు ఎవరిది? స్పూల్ మెల్లగా ఉందా, క్యాసెట్ వేగంగా ఉందా?

పాత రికార్డింగుల వేగం తేల్చడానికి మాలో చాలామంది పట్టుకునేది కరెంటు హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాటల మధ్య నిశ్శబ్దంలో వినిపించే గుమ్మనే శబ్దం 50 దగ్గర లేకపోతే టేపు వేగం తప్పన్నమాట. విదేశాల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. 1990ల దక్షిణాది గ్రిడ్‌కు మాత్రం దీన్ని వాడకూడదు. అప్పట్లో ఫ్రీక్వెన్సీ 50 కంటే బాగా కిందికి జారిపోతుండేది, 48 చిల్లరకు దిగిన రోజులున్నాయి. మూడు శాతం అంటే హెర్ట్జున్నర. కరెంటే అంత ఊగుతుంటే దాన్ని కొలబద్దగా పెట్టుకుని ఏం తేలుస్తాం?

దీనికంటే నమ్మకమైన సాక్షి కీబోర్డు. ఎలక్ట్రానిక్ కీబోర్డు శ్రుతి ఎండకూ వానకూ మారదు. మీట తిప్పకపోతే ‘ఎ’ (A) అనే స్వరం 440 హెర్ట్జే. స్పూల్ మీద అది 440 దగ్గరే ఉంది, క్యాసెట్ మీద 453. నా ప్లేయరు తప్పేమోనని 3,150 హెర్ట్జ్ టెస్టు టేపుతో సరిచూసి, అదే క్యాసెట్ వేరే కాపీలు కూడా పెట్టి చూశాను. అన్నీ ఒకే వేగం. అంటే కాపీలు తీసిన చోటే వేగం పెరిగింది. ఎందుకో కూడా లెక్క వేస్తే తెలిసిపోయింది. స్పూల్ మీద ‘ఎ’ (A) సైడు పాటల నిడివి 30 నిమిషాల 40 సెకన్లు. కంపెనీ కాపీలు తీసింది మామూలు సీ-60ల మీద, సైడుకు 30 నిమిషాలే. మూడు శాతం వేగం పెంచితే అది 29 నిమిషాల 46 సెకన్లకు వచ్చి సరిపోతుంది. పాట కోసే బదులు పరుగెత్తించారు. బీ సైడుకు ఆ అవసరం లేదు గానీ, రెండు సైడ్లూ ఒకేసారి కాపీ అవుతాయి కాబట్టి అదీ పరుగెత్తింది.

కారణం తేలింది, నిర్ణయం తేలలేదు. స్టూడియోలో పాడింది స్పూల్ వేగం, జనం ప్రేమించింది క్యాసెట్ వేగం. పాడినాయన స్పూల్ వైపు. క్యాసెట్ వేగం వినిపిస్తే ‘‘పిల్లోడి గొంతులా ఉండాది, నాకు ఇన్నేళ్లూ ఇదే బాధ’’ అన్నారు. శ్రోతలు క్యాసెట్ వైపు. మధ్యేమార్గంగా ఒకటిన్నర శాతం పెంచి వినిపిస్తే ఇద్దరికీ నచ్చలేదు. రాజీ కుదిరేది మనుషుల మధ్యగానీ టేపు వేగాల మధ్య కాదని అర్థమైంది.

మామూలుగా మా వృత్తిలో నియమం సూటిగా ఉంటుంది: మూలం ఏది చెబితే అదే. గ్రంథాలయానికో, ఆర్కైవుకో చేస్తున్న పనైతే నేను రెండో ఆలోచన లేకుండా స్పూల్ వేగమే ఉంచేవాణ్ని. ఇది గ్రేటెస్ట్ హిట్స్. హిట్టు అయింది స్పూల్ కాదు, దాన్ని విన్నవాడు ఎవడూ లేడు. అలాగని పాడిన మనిషికి తన గొంతు తనది కాకుండా పోవడం కూడా న్యాయం కాదు.

దారి చూపింది ఒక పెళ్లి వీడియో. 1999లో బృందం ఒక రిసెప్షన్‌లో పాడింది వీహెచ్‌ఎస్ క్యాసెట్‌గా ఉంది. అందులో ఈ డప్పు పాట వేగం కొలిస్తే 115, 116 మధ్య ఉంది. శ్రుతి మాత్రం 440 దగ్గరే. కీబోర్డాయన్ని అడిగితే నవ్వారు. క్యాసెట్ వచ్చాక స్టేజీ మీద పాత నడకలో వాయిస్తుంటే జనం చప్పట్లు ముందుకు పోయేవట. జనంతో పాటు వీళ్లూ పరుగందుకున్నారు. కీబోర్డు శ్రుతి మారదు కాబట్టి శ్రుతి అక్కడే ఉండిపోయింది. అంటే శ్రుతి స్పూల్‌ది, నడక క్యాసెట్‌ది అయిన మూడో రూపం ఒకటి ఏళ్ల తరబడి ఊళ్లలో మోగింది. అది విన్నవాళ్లెవరూ నీరసంగా ఉందనలేదు, పాడినాయన పిల్లోడి గొంతనలేదు.

స్పూల్‌నుంచి ఎక్కించిన పాటను శ్రుతి కదలకుండా మూడు శాతం కుదించాను. ఇంత తక్కువ కుదింపుకే అయినా డప్పు దెబ్బ మొదలు మసకబారే ప్రమాదం ఉంది. దెబ్బల్ని కాపాడే పద్ధతి పెట్టి, హెడ్‌ఫోన్లలో ఒక్కో దెబ్బా విని, మసకబారిన చోట్ల సెట్టింగు మార్చాను. డ్రైవరుగారికి ఏమీ చెప్పకుండా వినిపించాను. తొడ మీద తాళం వేస్తూ చివరిదాకా విన్నారు. పాడినాయన కూడా ఒప్పుకున్నారు.

అదే స్పూల్‌లోంచి ఆల్బమ్‌కు తీసుకున్న మిగతా రెండు పాటల్ని మాత్రం అసలు వేగంలోనే ఉంచాను. అన్నింటికీ ఒకే న్యాయం ఉండాలని నాయకుడు వాదించారు. అవి నెమ్మది పాటలు, శ్రోతలెవరూ వాటి వేగంలో తేడా పట్టలేదు. అడగని మార్పు చెయ్యడానికి నాకు కారణం కనపడలేదు.

పేరడీ

ఇక పెద్ద హిట్టు. ఇందులో మాటలు బృందానివి, గొంతు బృందానిది, ట్యూను సినిమాది. స్టేజీ మీద నవ్వించినన్నాళ్లూ ఎవరూ అడగలేదు. ఫోన్లలోకి ఎక్కించాక ఆటోమేటిగ్గా గుర్తుపట్టే యంత్రాలుంటాయి, ఒక్క ఫిర్యాదుకు ఆల్బమ్ మొత్తం దిగిపోవచ్చు.

1957 కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ కవర్ పాటలకు, అంటే ఒకరి పాటను వేరొకరు మళ్లీ పాడి రికార్డు చేసేవాటికి, ఒక దారి ఇస్తుంది. మూల రికార్డింగు వచ్చి ఐదేళ్లు దాటాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. వీళ్ల బడ్జెట్‌కు అదే పెద్ద గుదిబండ. పైగా ఆ సెక్షన్ కింద అనుమతి లేకుండా పాటను మార్చకూడదు. పేరడీ అంటేనే మార్పు. హక్కులున్న సంస్థకు నాయకుడి కొడుకు రాశాడు, బదులు రాలేదు. బదులు రాకపోవడాన్ని అంగీకారంగా తీసుకుందామని బృందంలో ఒకరన్నారు. అలాగైతే నా పేరు తీసేయమన్నాను.

నాయకుణ్ని ఒప్పించడానికి ఈగిల్స్ సంగతి చెప్పాను. ఆ అమెరికన్ బృందం గ్రేటెస్ట్ హిట్స్ 1976 ఫిబ్రవరిలో వచ్చింది. వాళ్ల అన్నిటికన్నా పేరున్న పాట ‘హోటల్ కాలిఫోర్నియా’ అందులో లేదు. అయినా 2018 లెక్కల్లో 38 ప్లాటినమ్‌లతో (ఒక్కోటి పది లక్షల కాపీల లెక్క) అమెరికాలో ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అదే. ఆయన వెంటనే, ‘‘ఆ పాట అప్పటికి పుట్టలేదు గదా అబ్బయ్యా, మాది పుట్టి ముప్పై ఏళ్లయింది’’ అన్నారు. తేడా బాగానే పట్టారు.

ఇక్కడ కూడా నోటు పుస్తకాలే అక్కరకొచ్చాయి. చాలా చీటీల్లో ఆ పాట పేరు పక్కన ‘మాటలతో సహా’ అని రాసి ఉంది. పాటకు ముందు నలభై సెకన్ల కామెడీ బిట్ ఒకటుంటుంది. బస్సులో కండక్టరుకూ ఒక ముసలమ్మకూ మధ్య చిల్లర కోసం గొడవ. ఆ సంభాషణ పూర్తిగా బృందానిదే. జనం నోళ్లలో ఇప్పటికీ నానుతున్నది పల్లవి కంటే ముసలమ్మ చివరి మాటే. బిట్ దగ్గర ఆపి, అదే శ్రుతిలో మొదలయ్యే బృందం సొంత పాటను దాని వెనక అతికించాం. రాసినాయన లేరు కాబట్టి ఆయన భార్య దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం.

1996 కంపెనీ ఒప్పందం ఒక పేజీ కాగితం, కాలపరిమితి ఎక్కడా రాయలేదు. చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీలో కాలం రాయకపోతే ఐదేళ్లుగా భావించాలి. దాన్నిబట్టి హక్కులు ఎప్పుడో బృందానికి తిరిగొచ్చాయని వకీలు రాతపూర్వకంగా చెప్పారు. 1998 క్యాసెట్‌కు కాగితమే దొరకలేదు, కాబట్టి అందులోంచి తీసుకున్న రెండు పాటల్నీ పక్కన పెట్టాం. మిగిలినవి 14 పాటలు.

వరస, గట్టితనం

ఏళ్ల వరస కావాలన్న నాయకుడి కోరికను ఇంగ్లండ్ బృందం బీటిల్స్ వాళ్ల ‘1’ ఉదాహరణతో ఆయన కొడుకు సమర్థించాడు. 2000లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో 27 పాటలు కాలక్రమంలోనే ఉంటాయి. వాళ్ల తొలి పాటలు కూడా మంచి స్టూడియోలో రికార్డయినవి. మన తొలి పాటలు ఊరి హాల్లో రికార్డయిన హిస్సు పాటలు. స్వీడన్ బృందం ‘అబ్బా’ (ABBA) వాళ్ల 1992 ‘గోల్డ్’ ఇంకో దారి పట్టింది. 19 పాటల్లో మొదటిది 1976ది, చివరిది 1974ది. నేను ఈ దారే చెప్పాను. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే విన్నట్టు లెక్క. మొదటి 30 సెకన్లలో హిస్సు వినిపిస్తే కొత్త కుర్రాళ్లు ముందుకు పోతారు. డప్పు పాట మొదట పెట్టి, 1989 పాటల్ని చెవి అలవాటు పడ్డాక మధ్యలో ఒకేచోట గుంపుగా పెట్టాం. ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా పెడితే ప్రతిసారీ శబ్దం పడిపోయినట్టు అనిపిస్తుంది.

స్పాటిఫై అన్ని పాటల గట్టితనాన్నీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు తెచ్చి వినిపిస్తుంది, కాబట్టి దానికి పాటల్ని నొక్కి గట్టిగా చెయ్యడం దండగ. ఆటోలో పెన్‌డ్రైవ్‌కు ఆ సర్దుబాటు ఉండదు. పక్క ఫోల్డరులోని డీజే పాట తర్వాత మనది వస్తే గొంతు పీలగా ఉంటుంది. అందుకని రెండు మాస్టర్లు: ఫోన్లకు మైనస్ 14, పెన్‌డ్రైవ్‌కు మైనస్ 10 దగ్గర, అంటే ఇంకా గట్టిగా.

తర్వాత

చవితికి పెన్‌డ్రైవ్‌లు పందిళ్లకు వెళ్లాయి. మొదటి వారం వచ్చిన ప్రశ్న ఊహించిందే: ఆ పాట ఏదీ? బిట్ విన్నాక కొందరు నవ్వి ఊరుకున్నారు, కొందరు తిట్టారు. ఫోన్లలో డప్పు పాట మిగతావాటి కంటే చాలా ముందుంది. నాయకుడి మమకారపు పాట చివరన ఉంది. ఆయన ఆ లెక్కలు చూడటం మానేశారు.

ఇలాంటి పని ఇప్పుడు వస్తే నేను టేపు కంటే ముందు ఒప్పందం కాగితాలు అడుగుతున్నాను. బృందం దగ్గరున్న కొత్తలాంటి క్యాసెట్‌తో పాటు శ్రోతల ఇళ్లలో అరిగిపోయినవి కూడా తెమ్మంటున్నాను, మొదటిది శబ్దానికి, రెండోది సాక్ష్యానికి. వేగం విషయంలో స్టేజీ వీడియో ఏదైనా ఉందా అని మొదటే అడుగుతున్నాను. ఫైలుతో పాటు ఏ పాటకు ఏం చేశానో ఒక పేజీ రాసిస్తున్నాను. కుదించని స్పూల్ రూపం కూడా విడిగా బృందానికి ఇచ్చేశాను, రేపు ఎవరైనా అదే అసలుదని వాదిస్తే చేతిలో ఉండాలి.

1998 పాటలు రెండూ నా దగ్గర పూర్తయ్యే ఉన్నాయి. ఆ కంపెనీలో భాగస్తుడి కొడుకు గుంటూరులో ఉన్నాడని తెలిసింది, సంతకానికి మాట్లాడుతున్నారు. వస్తే వాటిని 15, 16గా చేరుస్తాం. పేరడీ కోసం నాయకుడు ఇంకోసారి ఉత్తరం రాయించారు.